ఎవరి తల మీద ఒట్టు

మా ఇంటి చావడిలో, మా ఇలవేల్పు జుమాది దైవం ముందు ప్రమాణం చేస్తానని మోనప్ప పేపరు వాళ్ళకు చెప్పాడని తెలిసినప్పుడు నేను పెరట్లో ఎండుచేపలు తిరగేస్తున్నాను. చేతిలోని చేప చేతిలోనే ఉండిపోయింది. కాకి వచ్చి దాన్ని తన్నుకుపోయినా అదిలించాలనిపించలేదు.

మోనప్ప ఆళ్వ నా తమ్ముడు. ఇక్కడి శాసనసభ్యుడు. అమ్మ పోయాక వాణ్ణి చూసుకున్నది నేనే కాబట్టి వాడి రాజకీయమంతా నాకు కంఠతా. మొదటిసారి స్వతంత్రుడిగా నిలబడి డిపాజిట్ పోగొట్టుకున్నాడు. ఆ సాయంత్రం మా వంటింట్లో పీట మీద కూర్చుని ఏడిస్తే గంజి పోసి, ఊరగాయ వేసి ఓదార్చాను. రెండోసారి వరదొచ్చిన ఏడు, నడుంలోతు నీళ్ళలో బియ్యం మూటలు మోసిన పేరు మీద గెలిచాడు. ఆ గెలుపు నిఖార్సయినదని ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాను. తర్వాత పార్టీ మారి గెలిచాడు. మళ్ళీ మారి ఇంకా ఎక్కువ ఓట్లతో గెలిచాడు. ఆ తర్వాత నిన్నగాక మొన్న పుట్టిన కుర్రాడి చేతిలో ఓడిపోయి అయిదేళ్ళు ఇంట్లో కూర్చున్నాడు. ఆ అయిదేళ్ళే వాణ్ణి పాడుచేశాయి. ఫోను మోగకపోతే మగాడు అంత బెంబేలెత్తిపోతాడని అప్పుడే చూశాను.

పోయిన ఎండాకాలం మళ్ళీ గెలిచాడు. అరవై మూడు ఓట్లతో. టపాకాయలు కాల్చారు, లడ్డూలు పంచారు, ఎవరి ఓట్లు పడలేదని మాత్రం ఎవరూ అడగలేదు.

పడనివి మేలుకుద్రు వాళ్ళవి. కుద్రు అంటే నది నడుమ లంక. నాలుగు వందలకు పైగా ఓట్లు, అన్నీ ఎప్పుడూ ఎదుటి పక్షానివే. వాళ్ళు ఓటేయాలంటే పడవెక్కి ఇవతలి ఒడ్డున బడికి రావాలి. ఎన్నిక రోజు పొద్దున రెండు పడవలూ నీళ్ళలో లేవు. మరమ్మతని ఒడ్డుకు లాగించేశారు. కొందరు మధ్యాహ్నం దాకా చూసి వెనక్కి పోయారు. ఆ లంకలో ఉండే మెండన్ అనే అతని పెళ్ళాం రత్న మాత్రం మొండిది, ఇంకో నలుగురితో కలిసి చిన్న దోనెలో బయల్దేరింది. పోటు తిరిగే వేళ దోనె బోల్తాపడింది. నలుగురూ ఎలాగో బయటపడ్డారు. రత్న మూడోనాటికి మడచెట్ల వేళ్ళ మధ్య దొరికింది. ఓటరు కార్డు ప్లాస్టిక్ సంచిలో చుట్టి కొంగున కట్టుకుందట, ఆ ముడి అలాగే ఉందట.

పడవలు లాగించమన్నది మోనప్ప. ఆ మాట మోసుకుపోయింది నా కొడుకు సన్మత్. ముందురోజు సాయంత్రం మా అరుగు మీదే జరిగింది. నేను పక్కనే చింతపండు గింజలు తీస్తున్నాను. "రేపొక్కరోజు ఆ పడవలు నీళ్ళలో ఉండకూడదు. నేనన్నానని మాత్రం అనకు" అన్నాడు మోనప్ప. మేనమామ మాటంటే వాడికి వేదం. స్కూటరేసుకుని పోయాడు. ఇంత అవుతుందని వాడికి తెలీదు, తమ్ముడికీ తెలీదు, అది నేను నమ్ముతాను. కానీ అయింది. ఆనాటి నుంచి నా కొడుకు చేప ముట్టడు. రేవు మీదుగా పోవాల్సి వస్తే ఊరంతా చుట్టి పోతాడు.

మెండన్ ఊరుకోలేదు, కేసు పెట్టాడు. బజారులో నిలబడి, "పడవలు నేను ఆపించలేదని దణీని మీ జుమాది ముందు చెప్పమనండి, కేసు వెనక్కి తీసుకుంటా" అన్నాడు. దణీ అంటే మా వైపు దొర. మోనప్ప ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. మంత్రి పదవి గుమ్మం దాకా వచ్చింది. ఈ ఒక్క మచ్చ పోతే చాలు వాడికి.

నా భయం ఇక్కడే ఉంది. మా ఆళ్వల్లో ఇల్లంటే తల్లి వైపుదే. మోనప్ప పిల్లలు వాళ్ళమ్మ ఇంటివాళ్ళు. మోనప్ప ఇంటికి వారసుడు అక్క కొడుకు, అంటే నా సన్మత్. మగవాడు దైవం ముందు నీళ్ళు వదిలి 'అబద్ధమాడితే నా కుటుంబం నిలవకుండా పోవాలి' అంటే, ఆ నీళ్ళు పడేది అక్కచెల్లెళ్ళ పిల్లల మీద. మా అమ్మ మేనమామ ఒకాయన పొలం గట్టు కోసం ఇలాగే దొంగ ప్రమాణం చేశాడు. ఏడాది తిరక్కుండా అమ్మ అన్నల్లో ఒకడు పోకచెట్టు మీంచి పడ్డాడు, ఇంకొకణ్ణి పాము కరిచింది. ఆయన మాత్రం తొంభై ఏళ్ళు బతికాడు, పళ్ళు ఊడినా కోడికూర మానలేదు. ఆయన నవ్వితే నేను అమ్మ వెనక దాక్కునేదాన్ని.

ఆ రోజే మోనప్ప దగ్గరికి పోయాను. హాల్లో జనం ఉంటే లోపలి గదిలోకి రమ్మన్నాను.

"ఒరే, చేసింది నువ్వు. నాకు తెలుసు, నీకు తెలుసు, దైవానికి తెలుసు. ఏ మొహం పెట్టుకుని చేస్తావురా?"

"మెల్లగా అక్కా! గోడలు వింటాయి." తలుపు దగ్గరికేశాడు. "మాటలే కదా. తర్వాత తప్పు కానుక చెల్లించుకుంటాను. దైవానికి వెండి మొగం తొడుగు చేయిస్తాను, సరేనా?"

"వెండి మొగం నా కొడుకును తెచ్చిస్తుందా?"

"ఈ కాలంలో కూడా ఇవన్నీ పడతాయంటావా?"

"పడవని నీకంత నమ్మకముంటే కుటుంబం మీద ఎందుకు? నీ మీద చేసుకో."

వాడు కిటికీ వైపు చూశాడు. "కుటుంబం మీద చేస్తేనే జనం నమ్ముతారు. మంగళవారం పొద్దున దీపం నువ్వే వెలిగించాలి. ప్రతి ఎన్నికకీ నువ్వే వెలిగించావు కదక్కా. నీ చెయ్యి మంచిది."

నాకు ఒళ్ళు మండిపోయింది, అంతకన్నా ఎక్కువగా చల్లబడింది. నామినేషన్ వేసే ప్రతిసారీ వాడి కాగితాలు దైవం ముందు పెట్టి దీపం వెలిగించింది నేనే. ఇంటి పెద్దాడది వెలిగించందే మా చావడిలో ఏ పనీ మొదలవ్వదు. నన్నెవరూ పెద్దగా లెక్కచేయకపోయినా ఆ ఒక్క వత్తి మాత్రం నా చేతిలోనే ఉంటుంది.

ఇంటికొచ్చి సన్మత్‌తో చెప్పాను, ఎక్కడికైనా దూరం పారిపొమ్మని. వాడు గోడకానుకుని కూర్చున్నాడు, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి.

"దైవానికి దూరముంటుందా అమ్మా? మామను చెయ్యనీ. చెప్పొచ్చింది నేనే కదా, నా మీద పడితే అన్యాయమేం కాదు."

"నోర్ముయ్యి" అని చెంప మీద కొట్టాను. వాడు పుట్టాక వాణ్ణి కొట్టడం అదే మొదలు. కొట్టి, వాడి తల పొట్టకు హత్తుకుని ఏడ్చాను. ఆ మాటతో నా భయం రెట్టింపయింది. శాపం కోసం వాడు ఎదురుచూస్తున్నాడని అర్థమైంది.

ఆ తర్వాత నాకు తోచిన దారి ఒక్కటే. అది మంచి దారి కాదని తెలిసే పట్టుకున్నాను. మంగళూరులో చదువుకుంటున్న మోనప్ప కూతురు మాన్వికి ఫోన్ చేశాను. "మంగళవారం మీ పప్పా ప్రమాణమట, నా పక్కన నిలబడవే" అన్నాను. "వస్తానత్తా, నీర్‌దోసె చేసిపెట్టాలి మరి" అని నవ్వింది. ఆ పిల్లను చంకనేసుకుని తిప్పినదాన్ని. ఫోను పెట్టేశాక చేతులు కడుక్కున్నాను, ఎందుకో నాకే తెలీదు.

మంగళవారం పొద్దున చావడి నిండిపోయింది. కెమెరాల వాళ్ళు చెప్పుల్తోనే గడప దాకా వచ్చారు, నేను కసిరితే వెనక్కి తగ్గారు. పార్టీ వాళ్ళు గుమ్మానికి తోరణాలతో పాటు జెండాలు కూడా కట్టారు. మెండన్ ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని ఓ మూల నిలబడ్డాడు. లంక వాళ్ళు పదిమంది దాకా వెంట వచ్చారు. సన్మత్ స్తంభం చాటున ఉన్నాడు. మాన్వి నా పక్కన, జడలో మల్లెపూలు పెట్టుకుని.

దైవం ఎవరి నోట పలుకుతుందో ఆ పాత్రికి పూనకం వచ్చింది. కత్తి గలగలమంది, గంట మోగింది, మనిషి ఒళ్ళంతా ఊగిపోతోంది. మోనప్ప పట్టుపంచె కట్టుకుని కొమ్ముచెంబులో నీళ్ళు పట్టుకున్నాడు. ఓట్లడిగేటప్పుడు పెట్టే ముఖమే పెట్టాడు.

"వెలుగేదీ?" అన్నాడు పాత్రి.

అందరూ నా వైపు చూశారు. నేను వత్తి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఇంత జనంలో నోరు విప్పడం నాకు అలవాటు లేదు.

"తమ్ముడూ, ఏ ఇంటి మీద చేస్తున్నావు?"

"మన ఇంటి మీదే అక్కా. కుటుంబం మీద. వెలిగించు."

"పోయినేడు కోర్టులో ఏం రాసిచ్చావు? కాలం మారింది, నా ఇల్లంటే నా పెళ్ళాం బిడ్డలేనని రాశావు కదా. ఆ మాట మీదే పొలం పంచుకున్నావు. పొలం పంచుకునేటప్పుడు ఇల్లు నీ బిడ్డలది. శాపం పంచేటప్పుడు నా బిడ్డదా?"

పార్టీ మనిషి ఒకడు "ఏమ్మా, మధ్యలో ఆడవాళ్ళకెందుకు ఇవన్నీ..." అంటూ ముందుకొచ్చాడు. పాత్రి కత్తి నేలకేసి కొట్టాడు.

"దీపం పట్టిన చెయ్యి అడిగింది. జవాబు చెప్పు."

"అక్కా, ఇది ఇంటి గొడవ. తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాత నా కొడుకుండడు. నీ బిడ్డ వచ్చింది చూడు. దాని తల మీద చెయ్యి పెట్టి చెప్పు, పడవలు నేనాపలేదని. వెంటనే దీపం వెలిగిస్తాను."

మాన్వి నా ముఖంలోకి చూసింది. ఏమనుకుందో. భయపడుతుందనుకున్నాను, పడలేదు. నాన్న అబద్ధమాడడని దాని నమ్మకం. చకచకా నడిచి వెళ్ళి మోనప్ప ముందు తల వంచింది.

"పెట్టండి పప్పా. నిజం చెప్పడానికి ఆలస్యమెందుకు? అత్త నీర్‌దోసెలు చల్లారిపోతాయి."

ఎవరో నవ్వబోయి ఆగారు. మోనప్ప చెయ్యెత్తాడు.

నా ప్రాణం అరచేతిలోకి వచ్చింది. పెట్టేస్తాడేమో! మంత్రి పదవి కోసం పెట్టినా పెట్టేస్తాడు, అప్పుడు ఈ పిల్లను నేనే చంపినదాన్నవుతాను. వద్దురా అని అరవాలనిపించింది. స్తంభం దగ్గర నా కొడుకు, ఇక్కడ మల్లెపూల తల, నేను ఎటు చూడాలో తెలియక దైవం కత్తి వైపు చూశాను.

మోనప్ప చెయ్యి మల్లెపూల పైన బెత్తెడు ఎత్తున ఆగింది. రెండో చేతిలో చెంబు ఒరిగి నీళ్ళు వాడి పాదాల మీదే కారాయి. చెయ్యి వెనక్కి తీసుకుని పంచెకు తుడుచుకున్నాడు. మెట్టు మీద కూలబడ్డాడు. మొదటిసారి ఓడినప్పుడు మా వంటింట్లో ఇలాగే కూర్చున్నాడు.

మాన్వి ఇంకా తల వంచుకునే ఉంది. కాసేపటికి తలెత్తి, "పప్పా?" అంది. వాడు దాని వైపు చూడలేదు.

మెండన్ అరవలేదు, తిట్టలేదు. ముందుకొచ్చి వాడి ముందు నిలబడ్డాడు. "పడవలోళ్ళకు మాట తెచ్చిందెవరు దణీ? అదైనా చెప్పండి."

మోనప్ప చెప్పలేదు. అక్కడ మాత్రం వాడు నా కొడుకును కాపాడాలనుకున్నాడేమో, ఆ మేలు వాడికి చెందాల్సిందే. కానీ స్తంభం చాటు నుంచి సన్మత్ వచ్చేశాడు. వద్దని తల ఊపాను. వాడు నా వైపు చూడనేలేదు.

"నేనే మెండన్నా. మామ చెప్తే నేనే పోయి పడవలు లాగించాను."

లంక వాళ్ళలో గుసగుసలు లేచాయి. మెండన్ వాణ్ణి కిందికీ మీదికీ చూశాడు. "నీ మామను కాచుకోడానికి అంటున్నావా, నిజమే అంటున్నావా? ఎవరి మీద ఒట్టు?"

సన్మత్ తన కుడిచెయ్యి ఎత్తి తన తల మీదే పెట్టుకున్నాడు.

ఇన్నాళ్ళూ ఏ తల మీద ఏ ఒట్టూ పడకూడదని వణికిపోయానో, ఆ తల మీదే చెయ్యి. "ఒరేయ్!" అని అరిచి వత్తితో సహా పరిగెత్తాను. వాడి మణికట్టు పట్టుకున్నాక గుర్తొచ్చింది, వాడు చెప్పింది అబద్ధం కాదు. లాగబోయిన చేతిని అలాగే వదిలేశాను.

పాత్రి ఊగడం ఆపి ఎదురుచూస్తున్నాడు. ఎవరో పోలీసులకు ఫోన్ చేస్తున్నారు. వెనక్కి పోయి దీపం వెలిగించాను. మూడుసార్లు గీస్తే గానీ అగ్గిపుల్ల అంటుకోలేదు. వెనక్కి తిరిగి చూస్తే నా కొడుకు చెయ్యి ఇంకా దించలేదు.