ఒకే బరువు, వేరే వయసు

ఖగోళశాఖలో ఆయన గదీ ఆవిడ గదీ ఎదురెదురు. ఇంట్లో గది ఒకటే. దాంతో గొడవ కూడా వాళ్ల వెంటే ఇంటికొచ్చేది.

గెలాక్సీలు కంటికి కనబడని కృష్ణపదార్థపు ముద్దల మధ్య ఒదిగి ఉంటాయి. వాటిని హాలోలంటారు. ఒక హాలో చుట్టూ ఇంకెన్ని చేరతాయో దాని బరువే తేలుస్తుందని ఆయన వాదం. ఒకే బరువున్నవాటిలోనూ ముందు పుట్టినవే ఎక్కువగా గుమిగూడతాయని ఆవిడ వాదం. మొన్న శాఖ సమావేశంలో అందరి ముందూ ఆవిడ, వయసు మారినా పైకీ కిందికీ కదలని ఆయన గ్రాఫు చూసి, "ఈ గీత నిద్రపోతోంది" అంది. ఆయన ముఖం మాడిపోయింది. మాటలు బంద్.

ఇక మధ్యలో నలిగింది ఆయన తల్లి.

"అమ్మా, నీ కోడలితో చెప్పు. నా గీత నిద్రపోవడం లేదు, అది ఉన్నదే అంత చదునుగా."

తల్లి వంటింట్లోకి వెళ్లి, "అమ్మాయ్, వాడికి నిద్ర పట్టడం లేదట" అంది.

"చిన్నవాటిని పట్టించుకోకపోతే ఎలా పడుతుంది అత్తయ్యా!"

తల్లి పరుగున తిరిగొచ్చింది. "చిన్నవాళ్ల సంగతి ఎత్తుతోందిరా! పిల్లల గురించేనా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

వారం తిరిగేసరికి పెద్దావిడ సంచీ సర్దేసింది. "మీ మధ్య తిరగలేక నా కాళ్లు పడిపోయాయి. చెల్లెలింటికి పోతున్నా. మీ చావు మీరు చావండి."

ఇల్లు బోసిపోయింది. మధ్యవర్తి లేకపోయేసరికి ఆయనకు నోరు విప్పక తప్పలేదు.

"చిన్నవన్నావట. ఎంత చిన్నవి?"

"మీరు చూసినవాటిలో వెయ్యో వంతు బరువు కూడా ఉండవు."

"నేను భారీవే తీసుకున్నాను."

"అదే కదా మొత్తుకుంటున్నది!"

ఇద్దరూ ఒకే కంప్యూటర్ ముందుకు కుర్చీలు లాక్కున్నారు. రెండు లెక్కలూ ఒకే తెర మీదికి వచ్చాయి. చిన్న హాలోల దగ్గర రెండు గీతలూ ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి, ముందు పుట్టినవాటిది పైన, వెనక పుట్టినవాటిది కింద. బరువు పెరిగేకొద్దీ ఆ రెండూ దగ్గరపడి, చివరికి దాదాపు కలిసిపోయాయి. ఆవిడ చూసింది చిన్నవాటి కొస, ఆయన చూసింది భారీవాటి కొస.

ఆయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అయితే నువ్వూ కరెక్టే."

"'నువ్వూ' ఏమిటి? దీని గురించి రాసే వ్యాసం మీద ముందు నా పేరే ఉండాలి."

"ఏం, ఎందుకు?"

అప్పుడే ఫోన్ మోగింది. ఆయన ఎత్తి చెవిన పెట్టుకున్నాడే గానీ వాదన ఆపలేదు, ఆవిడా ఆపలేదు. అవతల తల్లి కాసేపు వింది.

"మాటలు కలిశాయన్నమాట. నేనింకో వారం ఇక్కడే ఉంటా" అని పెట్టేసింది.