గంగానమ్మ రాయి

బాన్సువాడ శివారులో గంగానమ్మ రాయి పక్కన నేలను తొలిచిన గొట్టం పైకి తెచ్చింది మట్టిని కాదు, తుప్పుపట్టిన డ్రమ్ము రేకును, దానికి అంటుకున్న నల్లటి మడ్డిని.

దీపిక మాస్కు బిగించి అందరినీ వెనక్కి జరగమంది. పాతిపెట్టిన రసాయన వ్యర్థాలను వెతికి పట్టుకోవడం ఆమె ఉద్యోగం. చుట్టుపక్కల బోర్లలో నీళ్లు పాడైన తీరే ఆమెను ఇక్కడికి తీసుకొచ్చింది.

రాయి పక్కనే చేతిపంపు. కూలికి పోయే లింగవ్వ అక్కడ బిందె నింపుతోంది.

"అవ్వా, ఆ నీళ్లు తాగొద్దు. విషం కలిసింది."

"గంగమ్మ నీళ్లల్ల విషమేంది బిడ్డా? నీ మిషిన్‌కే జరమొచ్చినట్టుంది, దానిక్కూడ ఇన్ని తాపు. మా కోడలు ప్రవళికకు ఏడో నెల. పొద్దుగాల లేవంగనే ఇవే తాపుతున్న."

"ఈ రాయి ఎవరు పెట్టారు?"

"గీ పొలం రాజేంద్రప్రసాద్ సారుదే గదా, ఆయననే పెట్టిండు. కలల కనిపించిందట. గంగానమ్మ అన్నడు. గంగంటే నీళ్లే గదా. అందుకే ఊరంత తీర్థమని తీస్కపోతరు."

దీపిక గట్టు మీదున్న రాజేంద్రప్రసాద్ దగ్గరికి నడిచింది. ఆమెది దగ్గర్లోని వర్ని ఊరు. ఆయన పెద్దల్లాగే ఆమె తాతలూ కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి వేసినవాళ్లే.

"బాబాయ్, ఇక్కడివాళ్లు రాయి పెడితే పోచమ్మ అంటారు. గంగానమ్మ మన ఇళ్లల్లో మాట. అమ్మవారుంటే ఎవరూ గునపం వేయరనే కదా ఈ రాయి పెట్టారు?"

"పరీక్షకు పంపుకో అమ్మాయ్. నన్నెందుకు అడుగుతావు?"

"ఫలితం రావడానికి వారాలు పడుతుంది. ఆ మడ్డిలో ఏముందో ఇప్పుడే తెలిస్తే ప్రవళికకు ఇవాళే వైద్యం మొదలవుతుంది. ఎంతమేర పాతారో తెలిస్తే తవ్వి తీయాలా, చుట్టూ గోడ కట్టి ఆపాలా అన్నది తేలుతుంది."

ఈలోగా లింగవ్వ చెంబుతో వచ్చింది.

"సారూ, మీరన్న చెప్పుండ్రి గీ పిల్లకు. ఇగో, తాగి చూపెట్టుండ్రి."

ఆయన చెంబు అందుకున్నాడు. నోటిదాకా తీసుకెళ్లి, నీళ్లు నేలమీద పారబోశాడు.

"తాగొద్దు లింగవ్వా. పాత బ్యాటరీలు కరిగించిన మడ్డి అది, అంతా సీసం. మద్నూర్ దారిలో వచ్చే లారీవాడు పోసే చోటు లేదంటే, నా పొలంలో పల్లం పూడుతుందని నేనే రమ్మన్నాను. ఈ గట్టు నుంచి కాలువ దాకా పాతించాను. రాయి పెడితే మొక్కుతారనుకున్నాను గానీ నీళ్లు తాగుతారనుకోలేదు. తెలిశాక కూడా నోరు విప్పలేదు, మా ఇంటికి మాత్రం క్యాన్ నీళ్లు తెప్పించుకున్నాను. నీ కోడలు కడుపుతో ఉందని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను."