కొండ చూడని జాగ్రఫీ టీచరమ్మ

ముప్పై ఏళ్లు పిల్లలకు కొండల పాఠం చెప్పిన జాగ్రఫీ టీచరమ్మ తన జన్మలో మూడంతస్తుల మేడకంటే ఎత్తైనది ఎక్కి ఎరగదు. రిటైరైన నెలకే ఆడపడుచును వెంటబెట్టుకుని, కొండల పార్కులకు ముఖద్వారమని చెప్పుకునే ఒక నగరంలో దిగింది.

ఊరినిండా కొండే. లాడ్జి పేరు కొండ, చెప్పుల దుకాణం పేరు కొండ. పళ్ల డాక్టరు బోర్డు మీద కూడా తెల్లటి మంచుకొండే. అసలు కొండ మాత్రం మబ్బు ముసుగుతన్ని పడుకుంది. పైగా ఘాట్ రోడ్డు మీద చరియలు విరిగిపడ్డాయని పార్కు బస్సులు ఆపేశారు. టికెట్ కిటికీకి 'రేపు' అని రాసిన అట్టముక్క వేలాడుతోంది. మర్నాడు వెళ్తే అదే అట్టముక్క, అదే రేపు.

"వదినా, ఈ రేపు ఎప్పుడొస్తుందో కనుక్కో" అంది ఆడపడుచు. ఆవిడ అప్పటికే రెండు ఉన్ని టోపీలు, ఒక ఊతకర్ర కొనేసి, ఆ కర్రతో లాడ్జి మెట్లెక్కుతోంది.

మూడో రోజు బస్‌స్టాండులో ఇరుక్కున్న జనాన్ని ఒక గైడు కబుర్లతో కూర్చోబెట్టాడు.

"ఈ కొండలన్నీ ఒకప్పుడు అగ్నిపర్వతాలు. నిప్పు ఆరాక మంచు పట్టింది" అన్నాడు.

టీచరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "కాదు బాబూ! భూమి పలకలు రెండు గుద్దుకుంటే మధ్యలో నేల ముడతపడి లేచింది. ఇలాగ!" అని శాలువాను రెండు చేతులతో నొక్కి చూపించింది.

"అమ్మగారు పైకి ఎన్నిసార్లు వెళ్లొచ్చారేంటి?"

"ఒక్కసారీ లేదు."

హాలంతా ఘొల్లుమంది. టీచరమ్మ ముఖం చిన్నబోయింది.

ఆడపడుచు కర్ర నేలకేసి కొట్టింది. "చంద్రుడి మీద కాపురం చేసొచ్చే గ్రహణం ఎప్పుడో చెబుతున్నారా? సరే, నువ్వెన్నిసార్లు వెళ్లావయ్యా?"

గైడు అటూ ఇటూ చూశాడు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మొన్న సోమవారమే చేరానండీ. అంతకుముందు టోపీలు అమ్మేవాణ్ణి. మలుపులు తిరిగితే నాకు వాంతులు. మా మేనేజరుకు చెప్పకండి, పుణ్యముంటుంది."

టీచరమ్మ కోపం సగం కరిగిపోయింది. సంచిలోంచి నిమ్మకాయ తీసి అతని చేతిలో పెట్టింది. "వాసన చూస్తూ కిటికీ పక్కన కూర్చో."

మధ్యాహ్నానికి రోడ్డు తెరిచారు. మూడో మలుపుకే నిమ్మకాయ చేతులెత్తేసింది. గైడు తల కిటికీ బయట, మైకు సీటు మీద.

"ఎవరో ఒకరు మాట్లాడండమ్మా, టికెట్టులో కబుర్లు కూడా కలిపే ఉన్నాయి" అన్నాడు డ్రైవరు.

టీచరమ్మ మైకు అందుకుంది. ఇక చూడాలి! మడతలు, లోయలు, మంచునదులు. కునుకుతున్న ఒక పెద్దమనిషిని లేపి నిలబెట్టి ప్రశ్న కూడా వేసింది.

ఆరో మలుపులో మబ్బు విడిపోయింది. ఎదురుగా కొండ. తల ఎంత వెనక్కి వాల్చినా శిఖరం చూపుకు అందడం లేదు.

"ఇది..." అంది టీచరమ్మ. ఆ తర్వాత మైకులో ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. డ్రైవరు బస్సు పక్కకు తీసి ఆపాడు. ఆవిడ బుగ్గల మీద కన్నీళ్లు జారుతున్నాయి, తుడుచుకోవాలన్న ధ్యాసే లేదు.

వెనకసీట్లోంచి ఆడపడుచు గొంతు లేచింది. "అయితే మా వదిన నోరు మూయించడానికి ఇంత కొండ కావాలన్నమాట! పాపం మా అన్నయ్య, ముప్పై ఏళ్లు ఒక్కడే ఎంత కష్టపడ్డాడో!"

బస్సంతా ఘొల్లుమంది. టీచరమ్మ కూడా ఆ ఏడుపులోనే ఫక్కున నవ్వింది, చూపు మాత్రం కొండ మీంచి తిప్పకుండా.