మొదటి పిడికెడు ఊక

ఒక్క మాట అడుగుతాను, సూటిగా చెప్పండి. మీకంటే ముందు ఎవరో నెలంతా పడుకుని, అక్కడే తిని, అక్కడే విసర్జించి పోయిన పరుపు మీద పల్చటి దుప్పటి ఒకటి పరిచి, "ఇదిగో కొత్త పక్క, పడుకోండి" అంటే మీరు పడుకుంటారా?

మల్సూన్ అనే కోళ్ళరైతు షెడ్డులోకి దిగిన కోడిపిల్లలు పడుకున్నాయి. నిన్న గుడ్డులోంచి బయటికొచ్చిన ప్రాణాలు. వాటిని ఎవరూ అడగలేదు.

కొరియాలో చోంగుప్ పట్నానికి అవతల, వరిపొలాల మధ్య ఉన్న ఆ ఊళ్ళో మల్సూన్ పొద్దు ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. రబ్బరు బూట్లు తొడుక్కుని షెడ్డులోకి వెళ్ళి, వంగి, నేల మీది ఊకని గుప్పెట్లోకి తీసుకుని పిసుకుతుంది. గుప్పెట విప్పగానే పొలపొలా రాలిపోతే నిశ్చింత. ముద్దయి అరచేతికి అంటుకుంటే మాత్రం నీళ్ళ గొట్టాల కింద గడ్డకట్టిన చోటల్లా తవ్వి, తిరగేసి, గుల్ల చెయ్యాలి. ఆ పనయ్యాక ఇంటికొచ్చి వసారా అంచున కూర్చుంటుంది. కూతురు బోరమ్ మందు డబ్బా పట్టుకొచ్చి తల్లి అరికాళ్ళకి రాస్తుంది.

ఆ ఊళ్ళో కొత్త బ్యాచ్ దిగే ముందు మొదటి పిడికెడు ఊక ఎవరు చల్లితే, ఆ బ్యాచ్ కోళ్ళ పాదాలు ఎలా ఉంటాయో వాళ్ళ పాదాలూ అలాగే ఉంటాయి. కోళ్ళు లారీ ఎక్కేదాకా అంతే. ఇందులో వింతపడాల్సిందేమీ లేదు. చెప్పుల కొట్టతను కూడా "ఈసారి మీ ఇంట్లో చెయ్యి ఎవరిది, వదినా?" అని అడిగాకే సైజు తీస్తాడు.

మల్సూన్ ఇంట్లో ఎప్పుడూ ఆమె చెయ్యే. ఒకప్పుడు బ్యాచ్ వెళ్ళగానే పాత ఊకంతా ఎత్తిపోసి, నేల కడిగి, ఎండబెట్టి, మిల్లు నుంచి ఘుమఘుమలాడే కొత్త ఊక తెచ్చి మందంగా పరిచేవాళ్ళు. అప్పుడామె అరికాళ్ళు పసిపాప బుగ్గల్లా ఉండేవి. ఊరి హాల్లో ఆమె ఆట మొదలెడితే డోలు వాయించేవాడికి ఆయాసం వచ్చేది.

తర్వాత కంపెనీ పద్ధతి మార్చింది. పిల్లలు కంపెనీవి, మేత కంపెనీది, కోళ్ళు కొనేదీ కంపెనీయే. వాళ్ళ మాటే చెల్లుతుంది. "పాత ఊక తీయక్కర్లేదు, పైన పల్చగా కొత్తది చల్లండి, షెడ్డు ఖాళీగా ఉండకూడదు," అన్నారు. పైకి చూస్తే బంగారు రంగు నేల. కింద వేలు గుచ్చితే నల్లటి బురద. ఆ తడిలోంచి అమ్మోనియా లేచి కోళ్ళ కళ్ళు మండించేది, ఊపిరి పట్టేసేది. నిలబడితే పాదాలు కాలేవి, కూర్చుంటే రొమ్ము కాలేది. నొప్పికి నడవలేనివి మేత దాకా వెళ్ళకుండానే చచ్చిపోయేవి. కంపెనీకి వచ్చిన బాధల్లా ఒకటే, కారం దట్టించి వేయించుకునే కోడికాళ్ళ మీద నల్ల మచ్చలు పడి సరుకు తిరిగొస్తోందని. దానికీ తప్పు రైతుదేనట!

మల్సూన్ అరికాళ్ళ మధ్యలో నల్లటి గుంటలు పడ్డాయి. పట్నం డాక్టరు చూసి, "ఇంకొక్క బ్యాచ్ ఇలాగే అయితే ఎముక దాకా పోతుంది. ఆ తర్వాత నడక గురించి నన్నడక్కండి," అన్నాడు.

చోబోక్ దగ్గర పడింది. వేసవి ఉడుకులో మొదటి పండగరోజు. ఆ రోజు దేశమంతా కోడిపులుసు కుండలు పొయ్యెక్కాలి. కుండలోకి ఒక్కొక్కటి పట్టే చిన్నకోడి కావాలి. కంపెనీకి కాలు నిలవడం లేదు.

వాన కురుస్తుండగానే కోడిపిల్లల లారీ వచ్చింది. దాని వెనకే కంపెనీ సూపర్‌వైజర్ ప్యో, కారులో.

"అమ్మగారూ, త్వరగా ఒక పిడికెడు చల్లేస్తే పిల్లల్ని దించేస్తాం."

మల్సూన్ కుంటుకుంటూ లేచింది. బోరమ్ షెడ్డు తలుపుకి అడ్డంగా నిలబడింది.

"అమ్మా, కూర్చో. ఈసారి నువ్వు కాదు."

"మరి నువ్వా? నీ కాళ్ళు నాకు కావాలే. నావి ఎలాగూ పోయాయి."

"నేనూ కాదు. ప్యో గారూ, ఈ నేల బాగుందని మీరేగా కాగితం మీద రాసింది? రండి. మీ చేత్తో చల్లండి."

ప్యో గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "అది నా పని కాదండీ."

"నేల బాగుంటే భయమెందుకు? నెల తిరిగేసరికి మీ అరికాళ్ళు వెన్నలా ఉంటాయి. మీ ఆవిడ ముద్దు పెట్టుకుంటుంది."

చప్పుడు విని వచ్చిన చుట్టుపక్కల రైతులు పకపకా నవ్వారు. ప్యో ముఖం కందిపోయింది.

"మా ఆవిడకి నెలలు నిండాయమ్మా. రాత్రికి రాత్రి ఆసుపత్రికి మోసుకెళ్ళాల్సి రావచ్చు. నేను నడవాలి."

"మా అమ్మ నడవక్కర్లేదా?"

ఎవరూ నవ్వలేదు. లారీలో పిల్లలు కీచుకీచుమంటున్నాయి. పక్క షెడ్డు క్వాక్ ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "మా షెడ్డులోనూ నేనిక చల్లను బాబూ. కావాలంటే లారీ వెనక్కి తిప్పుకోండి."

ప్యో సియోల్‌లో కంపెనీ డైరెక్టర్‌కి ఫోన్ కలిపి సంగతి చెప్పాడు. వానలో వినపడక స్పీకర్ పెట్టాడు. డైరెక్టర్ గొంతు అందరికీ వినిపించింది.

"గుప్పెడు పొట్టు చల్లడానికి మీటింగా? చదువుకున్నవాడివి, నీకూ ఈ పిచ్చేనా? నా పేరు మీద చల్లెయ్!"

ప్యో ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "మీ పేరు మీదేనా, డైరెక్టర్ గారూ? ఇంకోసారి చెప్తారా?"

"నా పేరు మీదే! ఇంకా పది షెడ్లున్నా వాటిల్లో కూడా నా పేరు మీదే!"

ఫోన్ పెట్టేశాడు. సియోల్‌లో ఆయనకి చెప్పినవాళ్ళు లేరు కాబోలు గానీ, ఆ ఊళ్ళో పసివాళ్ళకీ తెలుసు: నోటితో ఒప్పుకుని పేరిచ్చినవాడిదే ఆ చెయ్యి. దూరాన బూసాన్ రేవులో పనిచేసే ఆ ఊరి కొడుకులు ఫోన్లోనే పేరిచ్చి, అక్కడే కుంటిన సందర్భాలున్నాయి.

ప్యో గొడుగు మడిచి పక్కన పెట్టాడు. డైరెక్టర్ ఇంటిపేరుతో సహా పేరు స్పష్టంగా పలికి, పిడికెడు ఊక చల్లాడు. తర్వాత పక్క షెడ్డుకి నడిచాడు. ఆపైన దాని పక్క షెడ్డుకి.

మల్సూన్ అరికాళ్ళ మీద గుంటలు మెల్లగా పూడుకున్నాయి. చోబోక్‌కి ముందే ఒకరోజు పెద్ద నల్ల కారు షెడ్డు ముందు ఆగింది. వెనక తలుపు తెరుచుకుంది గానీ మనిషి దిగలేదు. డైరెక్టర్. ఖరీదైన సూటు, కాళ్ళకి ఇంట్లో తొడుక్కునే గుడ్డ చెప్పులు.

"దిగండి సార్, మీ నేల చూద్దురుగాని," అంది బోరమ్.

ఆయన ఒక కాలు నేలకి ఆనించి, కెవ్వుమని వెనక్కి లాక్కున్నాడు. డ్రైవరు వీపు మీద ఎత్తుకుని షెడ్డు గుమ్మం దాకా మోశాడు. లోపల కోళ్ళు ఒక కాలు ఎత్తి, అది దించి ఇంకోటి ఎత్తుతూ ఎక్కడికీ కదల్లేక నిలబడి ఉన్నాయి. ఆయన కళ్ళలో నీళ్ళు. అమ్మోనియాకి.

మల్సూన్ లోపలికెళ్ళి మందు డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

కారు వెళ్ళాక బోరమ్ తల్లి మీద విరుచుకుపడింది. "మందెందుకిచ్చావమ్మా? ఇంకా ఏడవనియ్యాల్సింది!"

"మండుతుందే. నాకు తెలుసు," అంది మల్సూన్.

మర్నాడే లారీల నిండా పొడి ఊక దిగింది. బ్యాచ్ బ్యాచ్‌కీ పాతదంతా ఎత్తిపోయాలని, నేల ఆరేదాకా పిల్లల్ని దించొద్దని సియోల్ నుంచి కొత్త ఆర్డరు. పరిశోధన చేయించి కనిపెట్టారట! మల్సూన్ ఏళ్ళ తరబడి చూపించిన పాదాలు ఎవరికీ పరిశోధన కాలేదు. కేకలేసిన వేల కోళ్ళు కాలేదు. ఒక్క పెద్దమనిషి చెప్పులు వేసుకోలేకపోతే అయింది. బోరమ్‌కి ఆ కోపం ఈనాటికీ చల్లారలేదు. చల్లారకూడదు కూడా. ఎందుకంటే ఆ బ్యాచ్ కోళ్ళ నొప్పిలో డైరెక్టరుకి వాటా దొరికింది గానీ, వాటి వాటా ఏమీ తగ్గలేదు. అలాగే కుండల్లోకి వెళ్ళాయి.

అయినా మల్సూన్ నడుస్తోంది. శరత్కాలంలో దిగిన బ్యాచ్‌కి కొత్త ఊక ఆమే చల్లింది. ఎవరూ ఆపలేదు. వరికోతల రాత్రి ఊరి హాల్లో ఆమె లేచి నిలబడితే, డోలు వాయించేవాడు కోటు విప్పి పక్కన పెట్టాడు.

మీ ఊళ్ళో ఇలా పేరిచ్చేవాళ్ళు లేరు. కాబట్టి నోరు మీరే తెరవాలి. రేపు కోడి కొనేటప్పుడు కొట్టు ముందు నిలబడి, పక్కవాళ్ళకి కూడా వినపడేలా అడగండి: "ఇది దేని మీద పెరిగింది? ఆ నేల ఎప్పుడు మార్చారు?" జవాబు రాకపోతే సంచీ ఖాళీగానే తెచ్చుకోండి. వచ్చేవారం మళ్ళీ వెళ్ళి అడగండి.