మూడు రోజుల చీకటి

కుడి చెయ్యి భుజం దాకా చేపల తొట్టి నీళ్ళలో ముంచి, రేజరు బ్లేడుతో అద్దం మీది నాచు గీకుతోంది బ్లాంకా. వెనక సోఫాలో అత్తగారు బొజెనా కాఫీ తాగుతూ చూస్తోంది. "మగాడన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుందమ్మాయ్. మా ఆయనకి తాగుడు, మావాడికి చేపలు. నీ అదృష్టానికి నువ్వు మురిసిపోవాలి" అంది. శనివారం వచ్చిందంటే ఈ మాట రావాల్సిందే, పన్నెండేళ్ళుగా వింటోంది. ఆ అదృష్టమేదో ఇప్పుడు మోచేతి మీంచి కారి చంకలోకి పోతోంది. మూల దగ్గర బ్లేడు వంచి గీకాలి, లేకపోతే కింద అద్దాల అతుకు తెగుతుంది. బ్లాంకా ధ్యాస అంతా అక్కడుంది.

పార్దుబిత్సే ఊళ్ళో వాళ్ళది అయిదో అంతస్తు ఫ్లాటు. ముందుగదిలో సగం ఆ అక్వేరియమే. నీళ్ళలో అడవిలా మొక్కలు, వాటి మధ్య జానెడు పొడవు కొర్రమీనులు నాలుగు. ఎక్కడో అస్సాం వాగుల్లో పుట్టే జాతి, ఒంటి మీద నీలం, నారింజ మచ్చలు. మిగతా వాళ్ళ తొట్టెల్లో నాచు తినడానికి చిన్న రొయ్యలుంటాయి, నత్తలుంటాయి, అద్దాన్ని నాకే చేపలుంటాయి. ఇక్కడ అవన్నీ కొర్రమీనుల భోజనమే. మొదటి ఏడాది ఆమె భర్త ఓటాకర్ ఇరవై రొయ్యలు తెచ్చి వదిలాడు. అతను బూట్లు విప్పుకుని, చెప్పులు తొడుక్కుని వచ్చేసరికి ఒకటి మిగిలింది, అది కూడా సగం. నత్తలూ అంతే, నాకుడు చేపలూ అంతే. అప్పుడు తీర్పు చెప్పేశాడు, ఈ తొట్టిలో నాచు తినేదేదీ బతకదు, చేత్తో తియ్యాల్సిందేనని. ఎవరి చేత్తోనో చెప్పలేదు. అతనికి నీళ్ళు తగిలితే దద్దుర్లు వస్తాయట. ఎండాకాలం చెరువులో ఈతకి దిగినప్పుడు మాత్రం ఎందుకో రావు.

అలా అద్దం గీకడం ఆమెది. పాత టూత్‌బ్రష్షుతో ఒక్కో ఆకు అంచూ తోమడం ఆమెది. వారానికోసారి సగం నీళ్ళు బకెట్లతో తోడి కొత్తవి పొయ్యడం ఆమెది. చేపలు మాత్రం అతనివి. ఆ మధ్య తన చేపల క్లబ్బు పత్రికకి 'కొర్రమీనుల తొట్టిలో నాచు: నా అనుభవాలు' అని రాశాడు. ఆమే టైపు చేసింది. అందులో మొదటి సూత్రం ఓపిక. పగిలిన వేళ్ళతో ఆ మాట కొడుతుంటే నవ్వొచ్చింది, ఆ తర్వాత రోజంతా ఎందుకో దేని మీదా మనసు నిలవలేదు.

మార్చిలో ఒపావాలో ఉన్న అక్క వ్లాస్తాకి కడుపులో పుండు బయటపడింది. మంచి రకం పుండు కాదు. ఆకులు రాలే దాకా ఉంటుందని చెప్పలేమన్నారు డాక్టర్లు. అమ్మ పోయినప్పుడు బ్లాంకాకి తొమ్మిదేళ్ళు. జడ వేసి బడికి పంపింది, మొదటి నెలసరికి గుడ్డ మడిచి ఇచ్చింది వ్లాస్తాయే. అక్క దగ్గరికి వెళ్ళొస్తానంది బ్లాంకా. "వెళ్ళు, నేను వద్దన్నానా?" అన్నాడు ఓటాకర్. ఆ వారం క్లబ్బు వాళ్ళు చూడటానికి వస్తున్నారు, ఆ పైవారం వెళ్ళమన్నాడు. పైవారానికి ఏదో మొక్క కుళ్ళడం మొదలైంది. దాని తర్వాత అత్తగారి మోకాలు. ఒక్కసారి కూడా వద్దనలేదతను. వద్దంటే పోట్లాడవచ్చు.

తలుపుకి తాళం వెయ్యలేదు, స్టేషను నడిచిపోయేంత దూరం, యాభై ఒక్క ఏళ్ళ మనిషిని నన్నెవరు పట్టుకున్నారు అని నీళ్ళు తోడుతున్నప్పుడల్లా తనని తానే అడుగుతుంది బ్లాంకా. జవాబు ఆమెకి తెలుసు. ఆరేళ్ళ కిందట స్నేహితురాలి కూతురి పెళ్ళికి చెప్పి మరీ వెళ్ళి, ఒక్క రాత్రి ఉండి వచ్చింది. అతను కేకలెయ్యలేదు. పదకొండు రోజులు మాట్లాడలేదు. వడ్డించింది వడ్డించినట్టే వదిలేసి, కింద అంగడిలో రొట్టె కొనుక్కుని, ఆమె ఎదురుగానే నిలబడి తినేవాడు. పన్నెండో రోజు ఆమే క్షమించమంది, దేనికో తెలియకపోయినా. మళ్ళీ ఆ పదకొండు రోజులు పడటం తన వల్ల కాదు. ఈ మాట ఎవరితో చెప్పుకున్నా నవ్వుతారు. కొట్టాడా? లేదు. తిట్టాడా? లేదు. మరి?

మే నెలలో నాచు తిరగబడింది. పచ్చటి దారాల్లా మొక్కలన్నిటినీ చుట్టేసింది. పొద్దున గీకితే మూడో నాటికి మళ్ళీ అంతే. బ్లాంకా ఊరి నీళ్ళ పరీక్షశాలలో పాతికేళ్ళుగా పనిచేస్తోంది. అక్కడ నిన్న మొన్న వచ్చిన కుర్ర అధికారి ఆమె చేత కాఫీ కప్పులు కడిగిస్తాడు గాని, నాచు సంగతి ఆమెకి తెలిసినంత అతనికి తెలియదు. ఒక రాత్రి భోజనాల దగ్గర సాసులో డంప్లింగు ముంచుకుంటూ, ఎటో చూస్తూ చెప్పింది, మూడు రోజులు దుప్పటి కప్పి చీకట్లో ఉంచితే నాచు చస్తుందని, మేత వెయ్యకూడదు, దుప్పటి తియ్యకూడదు, కొర్రమీనులకేమీ కాదని.

"అంటే మూడు రోజులూ తొట్టి పనేం ఉండదా?" అన్నాడు ఓటాకర్.

"ఉండదు."

"అయితే ఆ మూడు రోజులూ నువ్వు ఒపావా వెళ్ళిరా."

వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి నిలబడింది. ముందు సంతోషం పొంగింది. దాని వెనకే సిగ్గేసింది. అక్క చావుబతుకులకి దొరకని సెలవు నాచుకి దొరికింది.

స్వినోవ్ స్టేషనులో బండి మారి మధ్యాహ్నానికి ఒపావా చేరింది. మూడు రోజులూ అక్క తల దువ్వింది, గసగసాల రొట్టె ముక్కలు పాలలో నానబెట్టి తినిపించింది, పక్కనే నేల మీద పరుపేసుకుని పడుకుంది. మీ ఆయన ఎలా పంపాడే అని వ్లాస్తా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది. వ్లాస్తా దగ్గు వచ్చేదాకా నవ్వింది. ఆ నాచుకి నా దండాలని చెప్పు అంది. వెళ్ళేరోజు బ్లాంకా కోటు తొడుక్కుంటుంటే చెయ్యి పట్టుకుంది.

"మళ్ళీ ఎప్పుడొస్తావే?"

"నాచు మళ్ళీ రాగానే" అంది బ్లాంకా. ఇద్దరూ నవ్వారు, తర్వాత ఇద్దరూ ఆపేశారు.

తిరిగొచ్చేసరికి దుప్పటి తీసేసి ఉంది. నీళ్ళు తేటగా, అసలు లేనట్టే ఉన్నాయి. చచ్చిన నాచు తెల్లగా అడుగున పడి ఉంది, అది ఎత్తడానికి మాత్రం ఆమె కోసం ఆగారు. ఓటాకర్ ముఖం వెలిగిపోతోంది. క్లబ్బులో అందరికీ చెప్పేశాడట, తన పద్ధతి అని. "ఇంక ఏడాది దాకా దీని జోలికి పోనక్కర్లేదు" అన్నాడు. బ్లాంకా కోటు విప్పి బకెట్ అందుకుంది.

మర్నాడు అతను రైల్వే షెడ్డుకి డ్యూటీకి వెళ్ళాక, తొట్టి దీపానికి పెట్టిన టైమరు గడియారం తిప్పింది. ఎనిమిది గంటలు వెలగాల్సిన దీపం ఇప్పుడు పదమూడు గంటలు వెలుగుతుంది. అతను తెల్లవారకముందే పోతాడు, అద్దం వంక చూసేది సాయంత్రమే. మొక్కల ఎరువు రెండు మూతలకి బదులు నాలుగు పోసింది. ఎన్నేళ్ళుగానో చంపుతున్న దాని కోసం కళ్ళలో ఒత్తులు వేసుకుని కూర్చుంది. ఆదివారం ఫోను చేస్తే వ్లాస్తా తన ఒంటి సంగతి చెప్పదు, వచ్చిందా అని అడుగుతుంది. అద్దం మీద పొర కట్టిందని బ్లాంకా చెబుతుంది. తొందరగా రమ్మను అంటుంది వ్లాస్తా. రెండో ఆదివారానికి ఆ గొంతు బాగా సన్నబడిపోయింది.

పందొమ్మిదో రోజు మధ్యాహ్నం పరీక్షశాలకి ఫోనొచ్చింది. వ్లాస్తా పోయింది. ఇంటికెళ్ళి చూస్తే మొక్కల చివర్లలో అప్పుడప్పుడే సన్నటి దారాలు వేలాడుతున్నాయి.

దహనానికి ఓటాకర్ నల్లకోటు వేసుకుని వచ్చాడు. ఆమె మోచెయ్యి పట్టుకుని నడిపించాడు, అందరితో మర్యాదగా మాట్లాడాడు. అదే రోజు సాయంత్రం బండికి వెనక్కి వచ్చేశారు. ఆ పైవారమంతా ఆమె తొట్టి ముట్టుకోలేదు. గడియారం సంగతీ మర్చిపోయింది.

శుక్రవారం సాయంత్రం కళ్ళద్దాలు పెట్టుకుని తొట్టి ముందు వంగాడు ఓటాకర్.

"ముంచుకొచ్చిందే మళ్ళీ. రేపట్నుంచీ దుప్పటి కప్పేద్దాం. నీకెలాగూ మూడు రోజులు పనుండదు, మీ అక్క దగ్గరికి..." అని ఆగిపోయాడు. నాలుక కరుచుకున్నాడు. "మర్చిపోయాను. ఏమనుకోకు" అన్నాడు.

బ్లాంకా చేతిలో గిన్నె పక్కన పెట్టింది.

"ఆ నాచు నేనే పెంచాను ఓటా. రోజూ అయిదు గంటలు దీపం ఎక్కువ వెలిగించాను. ఎరువు రెట్టింపు పోశాను. నెలరోజుల నుంచీ" అంది.

కోపం తెచ్చుకుంటాడనుకుంది. తెచ్చుకోలేదు. గడియారం వైపు చూశాడు, పచ్చటి అద్దం వైపు చూశాడు, చివరికి ఆమె వైపు చూశాడు.

"ఎందుకు?" అన్నాడు.

అందులో వెటకారం లేదు. అతనికి నిజంగానే తెలియదు.