కామేష్ గారి వ్యాఖ్యలు

"ఈ వారం ఇంకా ఇద్దరి కింద రాయాల. బేగి రాసీ," అంటూ కామేష్ ఫోను గట్టు మీద పెట్టి కంచం ముందు కూర్చున్నాడు. నా చేతులు మోచేతుల దాకా కాఫీ గింజల జిగురు. కడుక్కుని, ఆయనకి అన్నం పెట్టి, ఫోను కొంగున కట్టుకుని బయల్దేరాను. మా ఊళ్లో సిగ్నల్ లేదు. కాఫీ తోట దాటి పైనున్న బండ ఎక్కాలి. "నీల్లకి ఎల్లమంటే మోకాల్ల నొప్పులు, ఫోను అట్టుకుంటే కొండెక్కేత్తాది," అని మా అత్త గంగ వెనకనుంచి అంటూనే ఉంది.

మా ఆయన పెదబయలు దగ్గర ఒక బడిలో పంతులు. ఉద్యోగం నిలవాలంటే దూరవిద్యలో ట్రైనింగ్ పాసవ్వాలి. ఆ కోర్సులో ప్రతి ఒక్కరూ బ్లాగు పెట్టి తమ తరగతి సంగతులు రాయాలి, తోటివాళ్లు రాసినవి చదివి కింద వ్యాఖ్యలు పెట్టాలి. మొదటి వారం కామేష్ పద్నాలుగు మందికి "సూపర్" అని పెట్టి సున్నా తెచ్చుకున్నాడు. ఏం బాగుందో, ఇంకేం చేయొచ్చో రాస్తేనే మార్కులట. రెండో వారం నుంచి ఆ పని నాది. "ఇంటర్ సదివినావు కదా, కూకుని రాయడమే కదేటి," అన్నాడు. మా ఇంట్లో నేను చేసేదంతా కూర్చుని చేసేదే. పండు ఒలవడం, పిల్లలిద్దరినీ సాకడం, ఇప్పుడు ఆయన చదువు కూడా.

కానీ అబద్ధం ఎందుకు, ఆ బండ మీద నాకు సుఖంగా ఉండేది. హేమలత దొరికింది అక్కడే. గూడెం కొత్తవీధి వైపు ఒక చిన్న బడి ఆమెది. కాఫీ కోతలప్పుడు పిల్లలు బడికి రావడం లేదని తన బ్లాగులో దిగులుగా రాసింది. నేను రెండుసార్లు చదివాను. "పచ్చికాయ వదిలి ఎర్రపండే కోయడం ఆ పిల్లలకి అమ్మలే కదా నేర్పారు? ఆ అమ్మల్ని ఒకరోజు బడికి పిలిచి పాఠం చెప్పమనండి," అని రాశాను. వారం తిరిగేసరికి ఫొటో పెట్టింది. నల్లబల్ల ముందు ఒకామె కొమ్మ పట్టుకుని నిలబడింది, పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. కింద, "కామేష్ గారూ, నేను రాసింది చివరిదాకా చదివే మనిషి మీరొక్కరే," అని ఉంది. ఏడుపొచ్చింది నాకు. ఒళ్లు మండింది కూడా. ఆ మాట కామేష్ సంతలో పంతుళ్లందరికీ చూపించుకున్నాడు. ఆ తర్వాత నాలుగు నెలలు ఆమె అడగడం, నేను చెప్పడం, నేను అడగడం, ఆమె చెప్పడం. పెళ్లయ్యాక ఒక మనిషితో అంతసేపు మాట్లాడింది అదే.

ఈరోజు బండ ఎక్కి చూస్తే ఆమె మూడే ముక్కలు రాసింది. "కామేష్ గారూ, ఇక నా బ్లాగులో రాయకండి. ఈ మగాడెవడని మా ఇంట్లో కొట్టారు, బడికి కూడా పంపడం లేదు. కోర్సు మానేస్తున్నాను."

పిల్లల గురించి, పాఠాల గురించి రాస్తున్నాననుకున్నాను నేను. పైన ఉన్న పేరు మగవాడిదని మరిచిపోయాను. పరాయి ఆడదాని మాట అంత శ్రద్ధగా చదివే మగవాడు ఉంటాడంటే ఆమె మొగుడి సంగతి సరే, నేను మాత్రం నమ్ముతానా? నా స్నేహం ఆమె వీపు మీద వాతలై తేలింది.

పరుగున దిగి, ఫోను చేతికిచ్చి కామేష్‌కి చెప్పాను. "రాసింది నానేనని ఆవిడికి చెప్పీ. ఆళ్లాయన వింటాడు," అన్నాను.

"పిచ్చెక్కిందేటే? అందులో రాసిందల్లా కోర్సు సారు సూత్తాడు. పెళ్లాం రాసిందంటే నన్ను తీసేత్తారు, ఉజ్జోగం పోద్ది. దాని మొగుడు దాన్ని కొడితే మనకేటి?" మంచం మీంచి లేచాడు. "నోరెత్తినావంటే నడ్డి ఇరగ్గొడతాను. పొద్దుగూకేలోగా ఆ రెండూ రాసీ, ఎల్లు."

ఫోను మళ్లీ ఆయనే నా చేతిలో పెట్టాడు.

మళ్లీ బండ ఎక్కాను. ఉద్యోగం పోతే పస్తులుండేది నా పిల్లలే. దెబ్బలు తినే వీపూ నాదే. అవన్నీ ఒకపక్క పెట్టి చూశాను. ఇంకోపక్క హేమలత ఒక్కతే ఉంది, తను చేయని తప్పుకి దెబ్బలు తిని. చేసింది నేను.

ఆమె బ్లాగు కిందే రాశాను. "హేమలత అక్కా, నేను కామేష్‌ని కాదు. ఆయన భార్యని, నా పేరు కృపావతి. మొదటినుంచీ నీతో మాట్లాడింది నేనే. ఇది మీ ఆయనకి చూపించు. మా ఆయన సంగతి నేను చూసుకుంటాను."