మర్రిపాడులో మూయని పేజీ

"ఇంట్లోనే గదా ఉండేది, నాలుగు దోసెలు పొయ్యడానికేంది?" అని అత్త కామాక్షమ్మ పూజగదిలోంచి అన్నప్పుడు చైత్ర దోసెలే పోస్తూ ఉంది. కుడిచేతిలో అట్లకాడ, ఎడమచెవిలో ఇయర్‌ఫోను, పొయ్యి పక్కన గట్టు మీద లాప్‌టాప్. నాలుగేళ్లుగా ఆ గట్టే ఆమె ఆఫీసు. మొగుడు శ్రీకాంత్‌కి గది ఉంది, గదికి తలుపుంది, ఏసీ ఉంది, తలుపుకి తగిలించుకోవడానికి 'మీటింగ్' అని రాసిన అట్టముక్క కూడా ఉంది. ఇద్దరిదీ చెన్నైలో ఒకే కంపెనీ, ఒకే టీమ్. ఆత్మకూరు ఇంట్లోంచే పని. అతను చేస్తే ఉద్యోగం, ఆమె చేస్తే ఇంట్లో ఉండటం.

ఇయర్‌ఫోనులో బుజ్జి గొంతు వణుకుతోంది. "అక్కా, మళ్లీ నిదానమైపోతా ఉండాది. క్యాను తూకంలో పెట్టినాక పేరు రావడానికి అరనిమిషం పడతాంది. ఇంకా ముప్పైమంది ఉండారు లైన్లో."

"పేజీ మూయొద్దు బుజ్జీ. నేను చూస్తానే ఉండా."

బుజ్జి మర్రిపాడు పాలకేంద్రంలో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయి. రైతు తెచ్చిన పాల క్యాను తూకంలో పెట్టగానే పేరు, లీటర్లు, వెన్నశాతం ఒక వరసగా తెర మీదికి రావాలి. ఆ వెబ్ పేజీని తయారుచేసింది వీళ్ల టీమే. మిగతా కేంద్రాల్లో బాగానే నడుస్తోంది. మర్రిపాడులో మాత్రం మూడ్రోజులకోసారి, పాలు పోసే వేళకే, తెర మొత్తం తెల్లకాగితంలా అయిపోతుంది. అప్పుడు బుజ్జి నోటుపుస్తకం తీసి చేత్తో రాస్తుంది, లైన్లో ఉన్నవాళ్లు "ఆడమనిషిని కూసోబెడితే ఇట్టనే ఉంటాది" అంటారు. చెన్నైవాళ్లు పేజీ తెరిచి పది నిమిషాలు చూశారు. నిక్షేపంలా ఉంది. టీమ్ లీడ్‌గా శ్రీకాంత్ రిపోర్టులో 'ఆపరేటర్‌కు వాడకం తెలియదు' అని ఒక ముక్క రాసి పడేశాడు. ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే.

వాడే మనిషిని ఎవరూ ఒక మాట అడగలేదు. పోయిన వారం చైత్ర అడిగింది, రోజూ పేజీ మూసి మళ్లీ తెరుస్తావా అని. బుజ్జి నవ్వింది. "మూస్తే మళ్లీ ఓటీపీ అడగతాదక్కా. అదేమో సెక్రటరీ కోటేశ్వర్ సారు ఫోనుకి పోతాది. ఆయన లారీ తీసుకోని బద్వేలు పోయినాడంటే సాయంత్రం దాకా రాడు. ఆయన ఉన్న రోజు ఒకసారి తెరిపించుకుంటే ఇంక మూసేది లేదు. రాత్రిళ్లు కూడా తెర మీద గుడ్డ కప్పి అట్టనే వదిలేసి పోతా."

ఆ మాటతో చైత్రకి సగం అర్థమైంది. పది నిమిషాల్లో కనిపించని జబ్బు మూడు రోజులు ఏకబిగిన పనిచేస్తే బయటపడుతుంది. మిగతా సగం ఇవాళ పదకొండింటిలోపు తేల్చాలి. మేనేజర్ డేవిడ్‌రాజు ఈ పని మీద వచ్చే నెల నుంచి వీళ్లిద్దరిలో ఒక్కరినే ఉంచుతానన్నాడు. ఇవాళ్టి మీటింగులో తప్పు ఎవరిదని తేలుతుందో వాళ్లు ఉద్యోగం వదులుకోవాలి. శ్రీకాంత్ అయినా కావచ్చు, చైత్ర అయినా కావచ్చు. అది చైత్రేనని ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు. చైత్రకి మాత్రం ఆ గట్టు ముందు నిలబడే ఎనిమిది గంటలు కావాలి. రోజు మొత్తంలో ఆమెను ఏదైనా తెలిసిన మనిషిలా పలకరించే గంటలు అవే.

ఆ క్షణాన బ్రౌజర్ మెమరీలో ఏమేం నిండి ఉన్నాయో ఫొటో తీసినట్టు చూపే సాధనం ఒకటుంది. బుజ్జి కంప్యూటర్‌ని ఇక్కణ్నుంచే చూస్తూ చైత్ర దాంతో సోమవారం ఒక ఫొటో తీసింది, మంగళవారం ఒకటి. ఇప్పుడు, బుధవారం ఉదయం, దోసె అంచులు లేస్తుండగా మూడోది తీసి మూడూ పక్కపక్కన పెట్టింది. తెర మీద ఎప్పుడూ కనిపించేవి చివరి పది వరసలే, పాతవి జరిగిపోతాయి. లోపల మాత్రం తొమ్మిది వందల వరసలున్నాయి. సోమవారం పొద్దున పాలు పోసి ఇంటికెళ్లిన ముసలాయన వరస కూడా అందులోనే ఉంది. ప్రతి వరసనీ తూకం యంత్రానికి ముడివేశారు. వరస తెర మీద నుంచి పోయేటప్పుడు ఆ ముడి విప్పాలి, ఎవరూ విప్పలేదు. కొత్త క్యాను పెట్టినప్పుడల్లా ఆ తొమ్మిది వందలూ ఉలిక్కిపడి లేచి, నన్నేనా నన్నేనా అని లెక్క చూసుకుంటున్నాయి. ఏ కంప్యూటర్ ఎంతకని మోస్తుంది?

దోసె మాడింది. పూజగదిలోంచి "మాడువాసన వస్తాండాది" అని వినిపించింది.

ప్రోగ్రాంలో ఏ లైను ఎవరు ఎప్పుడు రాశారో, ఎవరు తీసేశారో ప్రతి ఫైలుకీ చరిత్ర ఉంటుంది. చైత్ర అది తెరిచింది. చూసి పొయ్యి కట్టేసింది. ఎనిమిది నెలల కింద ఒకరోజు శ్రీకాంత్ వంటింట్లోకొచ్చి "ఈ పాల స్క్రీను కాస్త చూడు, నాకు టైం లేదు" అంటే, పచ్చడి మిక్సీలో వేసి, చేతులు కడుక్కుని రాసిచ్చిన ఫైలు అది. ముడి విప్పే నాలుగు లైన్లు అందులో ఉన్నాయి, ఆమె పేరు మీద. రెండు రోజుల తర్వాత శ్రీకాంత్ పేరు మీద అవి పోయాయి. పక్కన అతని మాట: 'అనవసరమైన లైన్లు తీసేశాను.' ఆ నెల చెన్నైవాళ్లు అతన్ని మెచ్చుకున్నారు కూడా.

తొమ్మిదిన్నరకి శ్రీకాంత్ పలహారానికి వచ్చాడు. "కారణం దొరికింది," అంది చైత్ర.

"నా భాగంలో అయితే ఏం లేదుగా?" అన్నాడు వెంటనే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే. ఆమె లాప్‌టాప్ అతనివైపు తిప్పింది. అతను చదివాడు. దోసె తుంచిన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. పూజగదివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"చూడు, ఫైలు మొదలుపెట్టింది నువ్వే గదా. నీ పొరపాటని చెప్పేద్దాం. నువ్వు అవునంటే చరిత్ర తిరగేసేదెవరు? నా ఉద్యోగం పోతే ఊళ్లో తలెత్తుకోలేం. నీదంటావా, పోయినా నువ్వు ఇంట్లోనే గదా ఉండేది."

ఆమె ఏమీ అనలేదు. అతను దాన్ని సరేననుకుని ఇంకో దోసె వేయించుకున్నాడు. అనుకోడా మరి? నాలుగేళ్లలో ఆమె మౌనం ఎప్పుడు సరే కాకపోయింది గనుక. పోయినేడాది ఉదయగిరిలో శ్రీకాంత్ చిన్నాన్న గృహప్రవేశం ముహూర్తం ఒకరోజు ముందుకు జరిగిందని ఫోనొస్తే, ఇంట్లో చెప్పడం మర్చిపోయింది అతనే. పట్టుచీరలు కట్టుకుని కుటుంబమంతా కార్లో దిగేసరికి షామియానా విప్పేస్తున్నారు, గుండిగలు కడిగి బోర్లించారు. నలుగురూ తనవైపు చూస్తుంటే శ్రీకాంత్ చల్లగా "చైత్రకి చెప్పినాను, అది మర్చిపోయినట్టుండాది" అన్నాడు. కామాక్షమ్మ అందరిముందూ "దాని ధ్యాసంతా ఆ డబ్బా మీదనే ఉంటాది" అంది. "అవును, నేనే మర్చిపోయినాను" అని చైత్ర తన నోటితోనే చెప్పింది. దారంతా ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. రాత్రి గదిలో శ్రీకాంత్ నవ్వుతూ, కాపాడావే అన్నాడు, ఆమె కూడా నవ్వింది. ఇప్పుడు తలచుకుంటే ఆ నవ్వు మీదే ఒళ్లు మండుతోంది. అనని మాటలు, చెయ్యని తప్పులు, ఎవరో మర్చిపోయిన ముహూర్తాలు, మాడని కూర మాడ్చినందుకు పడ్డ మాటలు, అన్నీ తన పేరు మీదే వేసుకుంది. ఎందుకు వేసుకున్నావమ్మా అంటే చెప్పడానికి ఒక్క కారణం లేదు. అలవాటు. అంతే.

అంతలో బుజ్జి మళ్లీ ఫోన్ చేసింది. ఏడుస్తోంది. చివరి పదిమంది ఉండగా తెర తెల్లగా అయిపోయిందట. ఇంకోసారి ఇట్లా అయితే తన బామ్మర్దిని కూర్చోబెడతానని కోటేశ్వర్ అన్నాడట. "నాదే తప్పు అంటాండారక్కా. నాదేనా?"

"నీది కాదు," అంది చైత్ర. అన్నాక ఆ మాట తన చెవిలోనే ఇంకా కాసేపు వినిపిస్తూ ఉండిపోయింది.

పదకొండింటికి శ్రీకాంత్ గది తలుపేసుకుని అట్టముక్క తగిలించాడు. చైత్ర గట్టు దగ్గరే నిలబడింది. ఒకే ఇల్లు కాబట్టి అతని మాట ముందు గోడలోంచి, తర్వాత ఇయర్‌ఫోనులోంచి, రెండుసార్లు వినిపిస్తోంది.

"కారణం పట్టుకున్నాం సార్. చైత్ర రాసిన ఫైల్లో చిన్న పొరపాటు. పాత వరసల్ని మెమరీలోంచి వదలడం మర్చిపోయింది. నేను సరిచేస్తాను."

"చైత్రా, ఆ ఫైలు నీదేనా?" అన్నాడు డేవిడ్‌రాజు.

ఉదయగిరిలో షామియానా విప్పుతున్నప్పటి మౌనమే ఇప్పుడు కాల్‌లోనూ. అందరూ ఆ ఒక్క 'అవును' కోసం చూస్తున్నారు.

"ఫైలు నాదే సార్. దాని చరిత్ర కూడా చూపిస్తాను," అని తన తెర అందరికీ తెరిచింది.

తను రాసిన నాలుగు లైన్లు, వాటి తారీఖు. అవి తీసేసిన తారీఖు, తీసేసిన పేరు, పక్కన ఆ ఒక్క వాక్యం. ఆమె చదివి వినిపించలేదు. ఎవరి కళ్లతో వాళ్లే చదువుకున్నారు. ఈసారి గోడలోంచీ ఇయర్‌ఫోనులోంచీ ఏమీ వినిపించలేదు.

"ఆ నాలుగు లైన్లు తిరిగి పెట్టేశాను సార్, మధ్యాహ్నం పరీక్షించి ఇస్తాను. ఇంకొకటి. ఓటీపీ ఆపరేటర్ ఫోనుకే రావాలి. పేజీ మూసి తెరిచే అధికారం అక్కడ కూర్చునే మనిషికి లేకపోతే రేపు ఇంకో చోట ఇదే జరుగుతుంది. రిపోర్టులో బుజ్జి మీద రాసిన వాక్యం కూడా తీసెయ్యాలి."

డేవిడ్‌రాజు "ఆ పని నువ్వే చూడు చైత్రా," అన్నాడు. "శ్రీకాంత్, మనిద్దరం విడిగా మాట్లాడుకుందాం."

పదకొండున్నర దాటింది. పూజ ముగించిన కామాక్షమ్మ పీట వాల్చుకుని కూర్చుంది. గది తలుపు తెరుచుకుంది. శ్రీకాంత్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంట్లో మాట బజారుకీడ్చినావు. ఇప్పుడు నా ఉద్యోగం పోతే?"

"దోసెలెవురు పోస్తారమ్మా, పూటంతా ఆ డబ్బాతోనేనా?" అంది కామాక్షమ్మ, సంగతి తెలియక.

చైత్ర పొయ్యి వెలిగించింది. అట్లకాడ తీసి శ్రీకాంత్ చేతిలో పెట్టింది.

"పోతే ఏమైంది," అంది. "ఇంట్లోనే గదా ఉండేది."